మనసు కష్టం వినే చదువుకు ఎవరొస్తున్నారు?

విజయవాడలోనో గుంటూరులోనో సైకియాట్రీ ఓపీ దగ్గర కాసేపు కూర్చుంటే, ఫైలు పట్టుకుని పేషెంటు పక్కన చేరి ఓపిగ్గా అడిగి రాసుకునే పిల్లలు కనిపిస్తారు. "డాక్టరమ్మా, నిద్ర పట్టట్లేదు, ఏదన్నా మాత్ర రాయండి" అంటారు వచ్చినవాళ్లు. ఆ అమ్మాయి మాత్ర రాయదు. ఆమె క్లినికల్ సైకాలజీ ఇంటర్న్. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన పీజీ చేసిన డాక్టరు. సైకాలజిస్టు దారి వేరు. పరీక్షలు పెట్టి సమస్యను అంచనా వేయడం, మాటలతో చికిత్స చేయడం వాళ్ల పని.

నేను విజయవాడలో సైకాలజీ పాఠాలు చెబుతాను. కొత్త బ్యాచ్ రాగానే "ఈ సబ్జెక్టే ఎందుకు?" అని అడుగుతాను. ఒకమ్మాయి తమ్ముడికి ఆరేళ్లొచ్చినా మాటలు రాలేదట. వైకల్య ధ్రువపత్రం కోసం పరీక్షలు చేసే సదరం క్యాంపుకి అమ్మతో పాటు తనే తీసుకెళ్లేది. అక్కడ ఐక్యూ పరీక్ష పెట్టిన మేడమ్ తమ్ముడితో మాట్లాడిన తీరు చూసి ఈ చదువులోకి వచ్చింది. పల్నాడు నుంచి వచ్చిన అబ్బాయి బాబాయి పురుగుమందు తాగి బతికాడు. ప్రాణం కాపాడారు గానీ, ఎందుకు తాగావని కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరన్నాడు. ఇంకొకామె పదేళ్లు నర్సుగా చేసి వచ్చింది. ఇంటర్ హాస్టల్లో రూమ్మేట్ రాత్రుళ్లు ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియలేదని చెప్పేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఈ ఆసక్తుల వెనక ఈ ప్రాంతం గతం ఉంది. 1987-88లో పత్తిని తెల్లదోమ ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఇంటర్ కాలేజీల హాస్టళ్లలో పిల్లల చావుల మీద 2001లోనే ప్రభుత్వం నీరదా రెడ్డి కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ ఇళ్లలో, ఆ హాస్టళ్లలో పెరిగిన పిల్లలే ఇప్పుడు డీఅడిక్షన్ మీద, పిల్లల సమస్యల మీద, చదువుల టెన్షన్ మీద పనిచేస్తామంటున్నారు.

కానీ ఈ శిక్షణ పుట్టింది ఇలాంటి పిల్లలను దృష్టిలో పెట్టుకుని కాదు. 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. ఇప్పటి నిమ్హాన్స్‌కు మూలం అదే. సైకాలజిస్టులకు ఆసుపత్రి శిక్షణ అక్కడ 1955లో మొదలైంది. తర్వాత 1962లో రాంచీలో. 1992 చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ చేతికి కోర్సుల గుర్తింపు, ప్రాక్టీసు చేయాలంటే కావాల్సిన రిజిస్ట్రేషన్ వచ్చాయి. ఎం.ఏ. తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్ చేస్తేనే క్లినికల్ సైకాలజిస్టు అనే పద్ధతి స్థిరపడింది. సీట్లు చాలా తక్కువగా ఉండేవి. మనవాళ్లు సికింద్రాబాదో బెంగళూరో వెళ్లాల్సి వచ్చేది. రెండేళ్లు ఆడపిల్లను దూరం పంపగల ఇల్లు, ఖర్చు పెట్టుకోగల తండ్రి, ఎంట్రన్సులో నెగ్గే ఇంగ్లీషు, ఈ మూడూ ఉన్నవాళ్లే అక్కడిదాకా వెళ్లారు. తెలుగు మీడియం బి.ఏ. పిల్ల ఆగిపోయింది.

పిల్లల తెలివితేటలు కొలవడానికి మా చేతిలో ఉన్న పరీక్షల సంగతీ అంతే. 1934 నాటి బినె-కామత్ పరీక్ష మరాఠీ, కన్నడ పిల్లల కోసం తయారైంది. మాలిన్ స్కేలు 1969లో నాగపూర్ నుంచి వచ్చింది. 1955 నాటి భాటియా బ్యాటరీ అనే పరీక్షల సెట్టు మాత్రం చదువు రాని పిల్లలకూ పనికొచ్చేలా చేతులతో చేసే పనుల మీద ఆధారపడింది. అందుకే మన దగ్గర అది ఇంకా పెట్టెలోంచి బయటికి వస్తూనే ఉంటుంది. మాటలతో చేసే పరీక్షల్ని చాలాసార్లు ఇంటర్న్ అక్కడికక్కడే తెలుగులోకి మార్చుకుని అడగాలి. ఇక్కడే ఊరి పిల్లల విలువ తెలుస్తుంది. "గుండెల్లో గుబులుగా ఉంది", "మనేద పట్టుకుంది", "కాళ్లూ చేతులూ పీకుతున్నాయి" అని పెద్దామె చెబితే, అందులో డిప్రెషన్ ఎక్కడుందో వినగలిగేది ఆ మాటలు ఇంట్లో విన్న పిల్లే. ఇది ఏ సిలబస్‌లోనూ లేదు. ఎంపికలో దీనికి మార్కులూ లేవు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో అది స్పష్టంగా చెప్పింది: రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీ అర్హతో, సైకాలజీ పీజీ తర్వాత పర్యవేక్షణలో శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్లో ఉండాలి. ఇది మంచిదే. పేషెంటుకు రక్షణ ఉండాలి. అయితే దీని నీడలో ఇంకో బేరం పెరిగింది. నెల, మూడు నెలల "ఇంటర్న్‌షిప్" పేరుతో ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే సెంటర్లు వచ్చాయి. మా విద్యార్థిని ఒకతె అమ్మ గాజులు తాకట్టు పెట్టి అలాంటిచోట చేరింది. మూడు నెలలూ అపాయింట్‌మెంట్ల రిజిస్టరు రాయించారు. ఒక్క కేసు కూడా చూడనివ్వలేదు. ఆ కాగితంతో రిజిస్ట్రేషన్ రాదని ఆ పిల్లకు ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అప్పటినుంచి మొదటి రోజే చెబుతున్నాను.

ఇప్పుడు దారే మారుతోంది. 2022లో యూజీసీ ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఇంటర్ తర్వాత నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీని, ఆపైన క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఏ.ను తెచ్చింది. పదిహేడేళ్లకే ఈ చదువులో చేరవచ్చు. కోర్సు మన జిల్లాల్లోకీ వస్తే బెంగళూరు ఖర్చు తప్పుతుంది. కానీ పదేళ్ల నర్సింగ్ తర్వాత మనసు మారినామె, మామూలు సైకాలజీ ఎం.ఏ. చేసి ఎం.ఫిల్ సీటు కోసం ఎదురుచూసిన పిల్ల ఎటు వెళ్లాలి? కష్టం చూసి ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఒక తలుపు తెరిచి ఉంచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

తమ్ముడి కోసం సైకాలజీలోకి వచ్చిన అమ్మాయి ఎం.ఏ. అయిపోయింది. ఇప్పుడు గుంటూరు దగ్గర ఒక ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో పనిచేస్తోంది. మొన్న ఫోన్ చేసి, కొత్త కోర్సులో చేరాలంటే మళ్లీ మొదటినుంచి చదవాలా సార్ అని అడిగింది.