ఇటలీలో పాతుకున్న ఏఎస్/400 ఇండియాలో ఎందుకు మొలవలేదు?

ఇటలీలో ఓ మోస్తరు ఫ్యాక్టరీలో ఆర్డర్లు, స్టాకు, బిల్లులు ఏ మెషీన్ మీద నడుస్తున్నాయని అడిగితే ‘ఏఎస్/400’ అనే జవాబు ఇప్పటికీ వినిపిస్తుంది. వ్యాపార సంస్థల కోసం ఐబీఎం తయారుచేసిన కంప్యూటర్ అది. జపాన్‌లో టోకు వ్యాపారులు, అమెరికా చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా దాన్ని వదల్లేదు. మన దగ్గర మాత్రం కంప్యూటర్ల మధ్యే బతికేవాళ్లలో కూడా చాలామంది దాన్ని చూసి ఉండరు. నిజానికి ఐబీఎం ఆ పేరు ఎప్పుడో మార్చేసింది. 2000లో ఐసిరీస్, 2006లో సిస్టమ్ ఐ, 2008 నుంచి పవర్ సర్వర్ల మీద నడిచే ‘ఐబీఎం ఐ’. జనం నోట మాత్రం పాత పేరే.

మొదలు మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో. మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ కొనే స్తోమత లేని వ్యాపారుల కోసం 1969లో అక్కడ సిస్టమ్/3 తయారైంది. దాని మీద ప్రోగ్రాములు రాసేది ఆర్పీజీ అనే భాషలో. తర్వాత వచ్చిన సిస్టమ్/38, సిస్టమ్/36 ఒకదానికొకటి పొసగలేదు. రెండింటి వాడకందార్లనూ ఒక్క గూటికి చేర్చేందుకు ‘సిల్వర్‌లేక్’ అనే గుప్తనామంతో నడిచిన ప్రాజెక్టే 1988 జూన్ 21న ఏఎస్/400గా బయటికొచ్చింది. సమాచారాన్ని దాచిపెట్టే డేటాబేస్, మెషీన్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. కంప్యూటర్ విభాగమంటూ లేని కంపెనీకి అంతకంటే ఏం కావాలి? 1995లో లోపలి ప్రాసెసర్‌ను 48 బిట్ల నుంచి 64 బిట్ల పవర్‌పీసీకి మార్చినా, చాలామంది తమ ప్రోగ్రాములను తిరగరాయకుండానే కొత్త మెషీన్‌కు వెళ్లిపోయారు.

ఎక్కడ కొన్నా మెషీన్ ఒకటే. తేడా అమ్మకంలో ఉందని నా అభిప్రాయం. ఐబీఎం దీన్ని ఎక్కువగా స్థానిక డీలర్ల ద్వారా, రెడీమేడ్ ప్యాకేజీలతో కలిపి అమ్మింది. ఇటలీలో అక్కడి పన్నులు, ఖాతా పద్ధతులకు తగ్గట్టు ఏసీజీ అనే ప్యాకేజీ ఉండేది. కుటుంబ వ్యాపారాలు కొన్నది ఆ లెక్కల సదుపాయాన్ని. మెషీన్ దానివెంట వచ్చింది. స్వీడన్‌లో ఇంటెన్షియా వారి మూవెక్స్, డెన్వర్‌లో జేడీ ఎడ్వర్డ్స్, షికాగోలో ఎస్ఎస్ఏ కంపెనీల ప్యాకేజీలు ఇదే పని చేశాయి. అమెరికాలో బ్యాంకులు రాష్ట్రం దాటి బ్రాంచీలు పెట్టడానికి 1994 చట్టం దాకా అడ్డంకులు ఉండటంతో వేల సంఖ్యలో చిన్న బ్యాంకులు మిగిలాయి. మిస్సోరీలోని మోనెట్ అనే చిన్న ఊరి నుంచి జాక్ హెన్రీ కంపెనీ వాటికి సాఫ్ట్‌వేర్ అమ్మి పెద్దదైంది. మలేసియాలో మాజీ ఐబీఎం ఉద్యోగి 1989లో పెట్టిన బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు కూడా సిల్వర్‌లేకే. జపాన్ కథ కొంచెం వేరు. అక్కడ ఫుజిత్సు, ఎన్ఈసీ సొంత ఆఫీసు కంప్యూటర్లతో గట్టి పోటీ ఇచ్చాయి. వాటి మధ్యే ఇదీ చోటు సంపాదించుకుంది.

మన దగ్గరికొస్తే, విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోమన్న ఫెరా (విదేశీ మారక నియంత్రణ చట్టం) నిబంధనకు ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం వదిలి వెళ్లింది. దాని పాత మెషీన్ల నిర్వహణను ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేపట్టింది. ఏఎస్/400 పుట్టేనాటికి ఇక్కడ అమ్మడానికి ఐబీఎమ్మే లేదు! ఆ ఖాళీలో హెచ్‌సీఎల్, విప్రో లాంటి దేశీ కంపెనీలు ఎదిగాయి. బ్యాంకుల కంప్యూటరీకరణకు రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీలు బాట వేసిన ఆ రోజుల్లో ఊపందుకున్నది యునిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్. 1992లో టాటాలతో కలిసి ఐబీఎం తిరిగొచ్చేసరికి ఇక్కడి ప్రోగ్రామర్ల చేతులు యునిక్స్‌తో వాడే సీ భాషకు అలవాటుపడిపోయాయి. తర్వాత ఏఎస్/400 ఇక్కడికి వచ్చింది ఎక్కువగా విదేశీ భాగస్వాముల వెంటే. 2000లో బీమా రంగం ప్రైవేటుకు తెరుచుకున్నాక లైఫ్ ఏషియా లాంటి ప్యాకేజీలతో కొన్ని జీవిత బీమా కంపెనీల్లోకి చేరింది.

తెలుగువాళ్లకు ఇది పరిచయమైంది హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దారిన. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న ఆర్పీజీ ప్రోగ్రాములు 2000 సంవత్సరం రాగానే తేదీలు తప్పుతాయన్న ‘వైటూకే’ భయంతో, వాటిని ముందే సరిదిద్దడానికి అమెరికాకు మనుషులు కావలసి వచ్చారు. మెషీన్ ఎక్కడో ఉంటుంది, నేర్చుకునేవాడి ఎదుట ఉండేది పీసీలో ఆకుపచ్చ అక్షరాలతో, ‘5250’ అనే ఐబీఎం టెర్మినల్‌ను పోలిన తెర. 2000 దాటినా పని ఆగలేదు, మెయింటెనెన్స్ కాంట్రాక్టులుగా హైదరాబాద్, చెన్నైలకు వచ్చింది. 2013 నుంచి ఆర్పీజీని దాదాపు పూర్తిగా ఫ్రీ ఫార్మాట్‌లో, అంటే కాలమ్‌ల లెక్క లేకుండా రాసుకోవచ్చు. అయినా సపోర్టు టీములో కొత్తగా చేరినవాళ్లకు ముందు ఎదురయ్యేది, ఏ అక్షరం ఏ కాలమ్‌లో పడాలో లెక్కచూసుకుని ఎవరో 1980లలో రాసిపెట్టిన కోడే.