సెర్బియా నిరసనలు, యూరప్: అపోహలు - వాస్తవాలు

అపోహ: లిథియం గని వద్దంటున్న సెర్బియన్లు యూరప్ వ్యతిరేకులు, రష్యా మనుషులు.

యూరప్ రాజకీయాలు బోధించే నాకు ఈ మాట జవాబు పత్రాల్లో, టీవీ చర్చల్లో, వాట్సాప్ సందేశాల్లో పదేపదే ఎదురవుతోంది. చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది.

వాస్తవం: పశ్చిమ సెర్బియాలో లోజ్నిత్సా పట్టణం దగ్గరి యాదర్ లోయ రైతుల భయం తమ పొలాల గురించి, నీళ్ల గురించి. అక్కడ రియో టింటో అనే గనుల కంపెనీ బ్యాటరీల్లో వాడే లిథియం కోసం గని తవ్వితే భూగర్భ జలాలు పాడవుతాయంటున్నారు. 2021 చివర్లో జనం రహదారులు దిగ్బంధిస్తే, 2022 జనవరిలో ప్రభుత్వం అనుమతులు రద్దు చేసింది. ఆ రద్దు చెల్లదని 2024 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పిందో లేదో, ప్రభుత్వం ప్రాజెక్టుకు మళ్లీ ప్రాణం పోసింది. ఆ వెంటనే, జూలై 19న, అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ సమక్షంలో యూరోపియన్ యూనియన్‌తో ముడి ఖనిజాల ఒప్పందం బెల్‌గ్రేడ్‌లో కుదిరింది. పత్రికా స్వేచ్ఛ, న్యాయవ్యవస్థ స్వతంత్రతల గురించి సెర్బియాను ఏటా తప్పుపట్టే బ్రస్సెల్స్ (యూనియన్ ప్రధాన కేంద్రం), అధ్యక్షుడు వుచిచ్‌తో ఇలా చేతులు కలిపితే, యూరప్‌ను నమ్ముకున్నవాళ్లకు కడుపు మండదా?

నిరసనల్లో యూరప్ జెండాలు పెద్దగా కనబడలేదు, నిజమే. కానీ 2025 వసంతంలో, రైల్వే స్టేషన్ ప్రమాదంపై వేరే ఉద్యమం నడుపుతున్న విద్యార్థులు యూరోపియన్ పార్లమెంటు ఉన్న స్ట్రాస్‌బర్గ్ దాకా సైకిళ్లు తొక్కారు, ఆపైన బ్రస్సెల్స్‌కు వంతులవారీగా పరుగెత్తారు. తమ గోడు యూరప్‌కు వినిపించడానికే ఆ శ్రమంతా. వాళ్లనేమో వుచిచ్ విదేశీ శక్తులు నడిపిస్తున్న ‘రంగుల విప్లవం’ అన్నారు, అంటే పాశ్చాత్య దేశాల అండతో ప్రభుత్వాన్ని కూల్చే తిరుగుబాటు అని. బయట రష్యా ముద్ర, ఇంట్లో పాశ్చాత్యుల ముద్ర. ఈ రెండింటి మధ్య రైతు బావి గురించి మాట్లాడేవారే లేకుండా పోయారు.

ఈ పాఠం చెబుతున్నప్పుడు సింగరేణి ప్రాంతపు విద్యార్థిని ఒకమ్మాయి లేచింది. “ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా ఇంటి గోడలు బీటలు వారేవి, మేడమ్. తాతయ్య అర్జీ పట్టుకుని కలెక్టర్ ఆఫీసుకు తిరిగేవారు. వింటారన్న నమ్మకం ఉండబట్టే కదా తిరిగారు!” అంది. నేను గంటసేపు చెప్పినదానికన్నా ఆ మాటే తరగతికి బాగా ఎక్కింది.

అపోహ: యూనియన్‌పై మోజు తగ్గడానికి గనే కారణం.

కాదు. 1999లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో సెర్బియాపై వేసిన బాంబుల జ్ఞాపకం, సెర్బియా నుంచి విడిపోయానని ప్రకటించుకున్న కొసోవో గురించిన వివాదం అంతకన్నా పాతవి. పైగా యూనియన్‌లో సెర్బియా చేరిక గురించి 2014లో మొదలైన చర్చల్లో 35 అధ్యాయాలకు రెండే తాత్కాలికంగా ముగిశాయి. ఎవరికైనా విసుగు పుడుతుంది.

అపోహ: విద్యార్థుల ఉద్యమం గని కోసమే పుట్టింది.

కాదు. 2024 నవంబరు 1న నోవీ సాద్ రైల్వే స్టేషన్ పైకప్పు కూలి 16 మంది చనిపోయారు. ఉద్యమం అక్కడ మొదలైంది.

అపోహ: గని గొడవ ముగిసిపోయింది.

2025 జూన్‌లో యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఆ గనిని వ్యూహాత్మక ప్రాజెక్టుల్లో చేర్చింది. నవంబరులో కంపెనీ పనులు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. నిలిపివేత వేరు, రద్దు వేరు.

అపోహ: నిరసనలు విదేశీయుల మీద.

బెల్‌గ్రేడ్‌లో కొడుకు భవన నిర్మాణ పనిలో ఉన్న కరీంనగర్ తండ్రి ఒకాయన వణుకుతున్న గొంతుతో నన్ను అడిగిన ప్రశ్న ఇది. విద్యార్థులు మొదట పెట్టిన డిమాండ్లు స్టేషన్ పత్రాలు బయటపెట్టాలని, తమపై దాడి చేసినవారిని శిక్షించాలని, అరెస్టయినవారిపై కేసులు ఎత్తేయాలని, విశ్వవిద్యాలయాలకు నిధులు పెంచాలని. విదేశీ కార్మికుల ఊసే లేదు. ఆయనకు చెప్పిందే అందరికీ చెబుతున్నాను: సెర్బియా యూరోపియన్ యూనియన్‌లోనూ లేదు, సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగల యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతంలోనూ లేదు. అక్కడి వీసాతో జర్మనీలో పని ఇప్పిస్తామనే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.