లాగాఫ్ గొడవ మళ్లీ లేచింది, అసలు మొదలైంది 2020లో

20వ తారీఖు, నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు, సరిగ్గా ఆ రోజే అందరూ లాగిన్ అయి అకౌంట్స్ రాసే ఒంగోలు హెడ్డాఫీసు సర్వర్ మళ్లీ మొండికేసింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో క్యూయూజర్ లిస్టు ఫొటో పడింది, అంటే సర్వర్‌లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూపే కమాండ్ ఇచ్చే లిస్టు. చీమకుర్తి గ్రానైట్ యార్డు అకౌంటెంట్ల పేర్ల పక్కన వరసగా పనేమీ లేకుండా నిలబడిపోయిన సెషన్లు, అంటే మూయని లాగిన్లు. వీళ్లు లాగాఫ్ చేయకుండా వెళ్లిపోతన్నారు, ర్యామ్ అంతా వీళ్లే తినేస్తన్నారు, ఇక సోమవారం నుంచి డిస్కనెక్ట్ అయిన 15 నిమిషాలకి సెషన్ కట్ అని హెడ్డాఫీసు మాట.

క్రాస్ కొడితే డిస్కనెక్ట్, సైన్ అవుట్ కొడితేనే లాగాఫ్, డిస్కనెక్ట్ అయితే లోపల ప్రోగ్రాములు నడుస్తానే ఉంటాయి అన్న పాఠం అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయింది, దాన్ని వదిలేద్దాం. హెడ్డాఫీసు వాళ్లు చెప్పే దాంట్లో ఒకటి మాత్రం నిజం, టైమ్ లిమిట్ పెట్టకపోతే డిస్కనెక్ట్ అయిన సెషన్ దానంతటది పోదు, విండోస్ సర్వర్‌లో డీఫాల్టే అంత.

కానీ 2020 మార్చికి ముందు ఈ గొడవ లేదు, అందరూ ఒంగోల్లో ఒకే ఆఫీసులో కూర్చునేవాళ్లు, ఫుల్ డెస్క్‌టాప్ వచ్చేది, పోయేటప్పుడు స్టార్ట్ మెనూలో లాగాఫ్ కొట్టేవాళ్లు. మార్చి 25న లాక్‌డౌన్ రాగానే అకౌంటెంట్లు ఇళ్ల నుంచీ యార్డు నుంచీ మొబైల్ డేటా మీద పని చేయాల్సొచ్చింది. వాళ్లకి సులువుగా ఉంటదని హెడ్డాఫీసే డెస్క్‌టాప్ తీసేసి రిమోట్‌యాప్ ఇచ్చింది, ఐకాన్ నొక్కితే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే తెరుచుకుంటది. దాంతోపాటు యార్డులో డెలివరీ చలానాలు కొట్టే ప్రింటర్‌ని కూడా సెషన్‌లోకి రీడైరెక్ట్ చేశారు. నన్నడిగితే మొత్తం కథ మలుపు తిరిగింది ఇక్కడే, ఎందుకంటే రిమోట్‌యాప్‌లో లాగాఫ్ బటనే కనపడదు, ప్రోగ్రామ్ మూసేస్తే చాలు, సెషన్ దానికదే ముగుస్తదని యార్డు వాళ్లకి ట్రైనింగ్‌లో చెప్పారు.

మరి ఎందుకు ముగియట్లేదు? యార్డులో సీనియర్ అకౌంటెంట్ గారు మొదట్నించీ ఒకటే అంటన్నారు, చలానా ప్రింట్ తీయని రోజు ఏ గొడవా లేదు సార్, తీసిన రోజే ఇరుక్కుంటది అని. ఈ మాట పట్టుకుని ఎవరూ చూడలేదు. ఆయన ఎదురుగానే చలానా కొట్టించి, సాఫ్ట్‌వేర్ మూయించి, సర్వర్ టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ తెరిచి ఆయన పేరు కింద చూస్తే సాఫ్ట్‌వేర్ పోయింది, ఎస్‌పీఎల్‌వావ్64.ఈఎక్స్ఈ ఒక్కటి మిగిలింది. మన సాఫ్ట్‌వేర్ 32 బిట్, సర్వర్ 64 బిట్, మధ్యలో ప్రింటింగ్ కోసం విండోస్ లేపే ప్రాసెస్ అది. అది బతికున్నంతసేపూ సెషన్‌లో ఇంకా ఏదో పని నడుస్తోందనే సర్వర్ లెక్క, లాగాఫ్ చేయదు.

దీనికి మందు కూడా ఎప్పట్నించో ఉంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టెర్మినల్ సర్వర్ కీ కింద సిస్‌ప్రాక్స్ అని ఉంటది, అందులో ఆ ఫైలు పేరుతో ఒక డీవర్డ్, అంటే అంకె పెట్టే ఎంట్రీ, వేసి విలువ 0 పెడితే సెషన్ ముగించేటప్పుడు ఆ ప్రాసెస్‌ని సర్వర్ లెక్కలోకి తీసుకోదు. రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకుని చేస్తే ఎంతసేపు పని? యార్డు వాళ్లు అడిగి నెలలు గడిచినా చేయలేదు, అసలు బాధంతా ఇదే.

బదులుగా చేసింది ఏంటంటే ఇరుక్కున్న సెషన్లని రీసెట్ కొట్టడం, అంటే బలవంతంగా ముగించడం. లాగాఫ్ అయ్యేటప్పుడు ఆ యూజర్ సెట్టింగులుండే రిజిస్ట్రీని మెమరీ నుంచి దించాలి, ఏ ప్రోగ్రామో దాన్ని వదలకపోతే విండోస్ జరిగినవి రాసుకునే ఈవెంట్ లాగ్‌లో 1530 నంబరు హెచ్చరిక పడతది. ఇదేం కొత్త రోగం కాదు, సర్వర్ 2003 రోజుల్లో దీనికోసమే యూపీహెచ్‌క్లీన్ అని మైక్రోసాఫ్ట్ విడిగా ఒక సర్వీస్ ఇచ్చింది, 2008 నుంచి ఆ పని విండోసే చూసుకుంటంది. 1530 ఒక్కటే పడితే కంగారు లేదు, కానీ మళ్లీ లాగిన్ అయినప్పుడు ఆ యూజర్ ఫైళ్లూ సెట్టింగులూ ఉండే ప్రొఫైల్ తెరుచుకోకపోతే 1511 నంబరు ఎర్రర్‌తో టెంపరరీ ప్రొఫైల్ ఇస్తది, అందులో సేవ్ చేసినవి లాగాఫ్ కాగానే పోతాయి. పోయిన నెల యార్డులో ఒకమ్మాయికి ఇదే జరిగింది, పొద్దుట్నించీ బ్లాకులు కొలిచిన మెజర్‌మెంట్ షీట్ సర్వర్‌లో తన డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో సేవ్ చేసుకుంది, మర్నాటికి లేదు, ఎండలో మళ్లీ టేపు పట్టుకుని బ్లాక్ బ్లాక్‌కీ తిరిగింది. ఆ సంగతి గ్రూపులో ఎవరూ ఎత్తరు, క్యూయూజర్ ఫొటో మాత్రం ప్రతి నెలా పడతది.

ఇప్పుడు ఆ 15 నిమిషాల లిమిట్ పెడితే ఇంకో దెబ్బ కూడా ఉంది, చీమకుర్తిలో కరెంటు పోయి నెట్ పోతే సగం కొట్టిన ఇన్‌వాయిస్ ఉన్న సెషన్ కూడా డిస్కనెక్ట్ కిందకే వస్తది, పావుగంటలో కరెంటు రాకపోతే అదీ పోయినట్టే. లిమిట్ అసలే వద్దని యార్డు వాళ్లు అనట్లేదు, ముందు సిస్‌ప్రాక్స్ సంగతి చూడండి, తర్వాత రెండు మూడు గంటల లిమిట్ పెట్టుకోండి అని రాతపూర్వకంగా ఇచ్చారు, సోమవారం లోపు హెడ్డాఫీసు దానికి జవాబు చెప్పాలి.