ఏ కనెక్షన్‌లో క్లారిటీ ఎక్కువ, ఏ టీవీలో బొమ్మ బాగుంటుంది: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో టీవీలు బిగించి, మీటరు పెట్టి రంగులు, వెలుగు సరిచేయడం నా పని. పని ముగించి సామాను సర్దుకునేటప్పుడు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ ఏ కనెక్షన్‌లో క్లారిటీ బాగుంటుంది? ఏ టీవీ తీసుకోవాలి?" అడిగేవాళ్లకు అప్పటికే ఒక అభిప్రాయం ఉంటుంది. బంధువుల ఇంట్లోనో షోరూమ్‌లోనో చూసి ఏర్పరచుకున్నది. దాని వెనక చాలాసార్లు కనెక్షన్ గొప్పా ఉండదు, టీవీ గొప్పా ఉండదు. ఎవరో ఎప్పుడో రిమోట్‌లో నొక్కిన ఒక సెట్టింగ్ ఉంటుంది. నేను తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని, అందులో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: "రెండు బాక్సులూ మా టీవీకే పెట్టి చూశాం, తేడా స్పష్టంగా తెలిసింది"

తేడా కనిపించిన మాట నిజం. అది బాక్సుదేనా అన్నదే ప్రశ్న.

ఒక ఇంట్లో డిష్ బాక్సు మొదటి హెచ్‌డీఎంఐ పోర్టులో, ఇంటర్నెట్ మీద వచ్చే బాక్సు రెండో పోర్టులో ఉన్నాయి. రెండోదాంట్లో బొమ్మకు కళ లేదని ఇంట్లో అందరిదీ ఒకే మాట. ఆ కనెక్షన్ తీసేయించాలని నిర్ణయం కూడా అయిపోయింది. నేను టీవీ వెనక్కి వెళ్లి రెండు కేబుళ్లనూ పీకి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టాను. ఇప్పుడు కళ తప్పింది డిష్ బాక్సు బొమ్మకి!

చాలా టీవీలు పిక్చర్ సెట్టింగ్‌లను ఏ పోర్టుకు ఆ పోర్టు విడిగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ ఇంట్లో మొదటి పోర్టు రంగులు, వెలుగు బాగా పెంచి చూపే వివిడ్ మోడ్‌లో ఉంది. రెండో పోర్టు స్టాండర్డ్‌లో, పైగా బ్యాక్‌లైట్ బాగా తగ్గించి ఉంది. వాళ్లు ఇన్నాళ్లూ పోల్చింది రెండు కంపెనీలను కాదు, రెండు పోర్టులను.

దీనికి తోడు బ్లాక్ లెవెల్ అనే చిక్కు ఒకటుంది. టీవీ ప్రసారాల్లో, సినిమాల్లో నలుపును 16గా, తెలుపును 235గా లెక్కిస్తారు. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. బాక్సు మొదటి లెక్కలో పంపుతుంటే టీవీ రెండో లెక్కలో చదివిందనుకోండి, నల్లగా ఉండాల్సినవన్నీ బూడిదరంగులోకి వస్తాయి, బొమ్మ మీద పలచటి పొగ కమ్మినట్టు ఉంటుంది. తిరగబడితే నీడలన్నీ ముద్దయిపోతాయి. నల్లటి జుట్టులో పోగులు కనిపించవు, నల్ల కోటు మడతలు మాయమవుతాయి. ఇది కనెక్షన్ లోపం అనుకుని బాక్సు మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనో, ఆర్‌జీబీ రేంజ్ అనో ఉండే చోట ఆటో పెట్టండి. ఆటోలో కుదరకపోతే బాక్సులోనూ టీవీలోనూ రెండు చోట్లా లిమిటెడ్ (16-235 లెక్క) అని పెట్టండి.

ఇంకో సంగతి, బాక్సు బయటికి ఏ రిజల్యూషన్‌లో పంపుతోందో చూడండి. హెచ్‌డీ బాక్సే అయినా అవుట్‌పుట్ 576 దగ్గర, అంటే పాత ఎస్‌డీ స్థాయిలోనే, ఆగిపోయి ఉన్నవి చాలా చూశాను. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత ఏవీ కేబుల్‌తో హెచ్‌డీ బాక్సును కలిపి ఏళ్ల తరబడి చూస్తున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ పసుపు పిన్ను గుండా హెచ్‌డీ రాదు. వాళ్లు డబ్బు కట్టేది హెచ్‌డీకి, చూసేది ఎస్‌డీ. ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: "హెచ్‌డీ అంటే ఎక్కడైనా హెచ్‌డీయే"

అన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ ఇది. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1920 అడ్డం, 1080 నిలువు అన్నది బొమ్మలో ఎన్ని చుక్కలు ఉన్నాయో మాత్రమే చెబుతుంది. ఆ చుక్కల్ని నింపడానికి సెకనుకు ఎంత డేటా ఇస్తున్నారన్నది వేరే లెక్క. దాన్నే బిట్‌రేట్ అంటాం. స్టూడియోలో ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి హెచ్‌డీ బొమ్మ వెళ్లే కేబుల్‌లో సెకనుకు 1.485 గిగాబిట్‌లు పారతాయి. అదే బొమ్మ మన ఇంటికి చేరేసరికి చాలా చానళ్లలో 10 మెగాబిట్‌ల లోపే ఉంటుంది. అంటే దాదాపు నూట యాభయ్యో వంతు. మిగతాదంతా కంప్రెషన్‌లో, అంటే డేటాను కుదించడంలో, పోతుంది. ఆ పోవడం ఎంత నేర్పుగా జరిగిందన్న దాని మీదే మీరు చూసే క్లారిటీ ఆధారపడి ఉంటుంది.

కంప్రెషన్ పద్ధతులు కూడా అన్నీ సమానం కావు. డీవీడీల కాలం నుంచి ఉన్న ఎంపెగ్-2 పాతది. 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఈవీసీ వచ్చాయి. ఒక తరం మారినప్పుడల్లా అదే క్లారిటీకి సుమారు సగం డేటా సరిపోతుందని లెక్క. కాబట్టి బిట్‌రేట్ అంకె ఒక్కటే చూసి ఇది గొప్ప, అది తక్కువ అనకూడదు. ఎంపెగ్-2లో 8 మెగాబిట్‌లు వేరు, హెచ్.264లో 8 మెగాబిట్‌లు వేరు.

పైగా ఉపగ్రహంలో ఒకే ట్రాన్స్‌పాండర్ (సిగ్నల్‌ను అందుకుని కిందికి పంపే పరికరం) మీద చాలా చానళ్లు కలిసి ప్రయాణిస్తాయి. ఉన్న డేటాను ఆ క్షణానికి అవసరాన్ని బట్టి అవి పంచుకుంటాయి. ఒక చానల్‌లో ఎవరో కూర్చుని మాట్లాడుతుంటే దానికి కొద్దిగా చాలు, పక్క చానల్‌లో మ్యాచ్ వస్తుంటే దానికి ఎక్కువ ఇస్తారు. ఒకే ట్రాన్స్‌పాండర్‌లో మరీ ఎక్కువ చానళ్లను ఇరికిస్తే పంచడానికి ఏమీ మిగలదు. ఆదివారం సాయంత్రం అన్నిటిలోనూ హడావుడి కార్యక్రమాలు ఉన్నప్పుడు బొమ్మ దెబ్బతినడం వెనక కొన్నిసార్లు ఇదే ఉంటుంది.

దీన్ని పట్టుకోవాలంటే మ్యాచ్ పెట్టి మైదానంలో గడ్డి చూడండి. ఆటగాళ్లను కాదు, గడ్డినే. కెమెరా బంతి వెంట వేగంగా తిరిగేటప్పుడు గడ్డి పచ్చరంగు పూసినట్టు అలుక్కుపోయి, కెమెరా ఆగాక ఒక క్షణం ఆలస్యంగా పరకలు తేలితే డేటా చాలట్లేదని అర్థం. కెమెరా కదలకుండా ఉన్నప్పుడు కూడా సెకనుకోసారి గడ్డి తేటపడి మళ్లీ మసకబారుతుంటే అదీ కంప్రెషన్ పనే. తర్వాత చానల్ లోగో అంచులు చూడండి, చుట్టూ చిన్న చిన్న దోమలు ముసిరినట్టు ఉంటుంది. చీకటి సన్నివేశంలో గోడ మీద వెలుగు మెల్లగా తగ్గాల్సిన చోట మెట్లు మెట్లుగా పట్టీలు పడటం ఇంకో గుర్తు. ముఖాలు దగ్గరగా చూపించే సీన్లు చూసి తేల్చకండి, అక్కడ ప్రతి కనెక్షనూ బాగానే కనిపిస్తుంది.

ఫలానా కంపెనీలో క్లారిటీ ఎక్కువ అని మొత్తంగా చెప్పడం కుదరదనేది అందుకే. చానల్ వారీగా మాత్రమే చెప్పగలం. చానల్ నుంచి వచ్చిన ఫీడ్‌ను ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఇళ్లకు పంపితే రెండు కంపెనీల్లోనూ బొమ్మ ఒకటే. ఒకరు దాన్ని విప్పి తక్కువ బిట్‌రేట్‌లో మళ్లీ కంప్రెస్ చేస్తే వాళ్ల దగ్గర దెబ్బతింటుంది. చానల్ హెచ్‌డీయే అయినా వేస్తున్న కార్యక్రమం పాత ఎస్‌డీ టేపుదైతే ఏ కంపెనీ అయినా చేయగలిగింది లేదు.

అపోహ: "సిగ్నల్ బాగుంటే బొమ్మ ఇంకా షార్ప్‌గా వస్తుంది"

ఇది అనలాగ్ రోజుల మాట. అప్పట్లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మలో చుక్కలు, నీడలు పెరిగేవి. డిజిటల్‌లో సిగ్నల్ ఒక హద్దు దాటి ఉంటే బొమ్మ మొత్తం వస్తుంది, దానికి తగ్గితే గళ్లు గళ్లుగా విరిగిపోతుంది, లేదా ఆగిపోతుంది. మధ్యలో "కొంచెం మసక" అనేది లేదు. కాబట్టి మీటరులో సిగ్నల్ 75 చూపించినా 95 చూపించినా మామూలు రోజున బొమ్మ అచ్చంగా ఒకటే. ఆ అదనపు సిగ్నల్ వర్షం పడ్డప్పుడు పనికొస్తుంది. డిష్‌లు వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన బలహీనపరుస్తుంది కాబట్టి ఆ మాత్రం నిల్వ ఉండాలి. బొమ్మ మసకగా ఉందని డిష్ తిప్పించేవాళ్లకు నేను చెప్పేది, సమస్య అక్కడ లేదు.

అపోహ: "ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే రంగులు బాగుంటాయి"

ఉండవు. కేబుల్ సరిపోకపోతే తెరమీద మెరుపు చుక్కలు వస్తాయి, బొమ్మ పోయి పోయి వస్తుంది, అంతే. రంగు మారదు. 4కే హెచ్‌డీఆర్‌కి (వెలుగునీడల తేడాను మామూలు కంటే ఎక్కువగా చూపే బొమ్మకి) సెకనుకు 18 గిగాబిట్‌లు మోయగల కేబుల్ తీసుకోండి, బంగారు పూతకు డబ్బు పెట్టకండి.

అపోహ: "4కే టీవీ కొన్నాక అన్నీ 4కేలోనే కనిపిస్తాయి"

4కే తెరలో 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం సుమారు 83 లక్షల చుక్కలు. ఎస్‌డీ బొమ్మలో 720 అడ్డం, 576 నిలువు, అంటే 4 లక్షల చిల్లర. లెక్క వేస్తే సరిగ్గా 20 రెట్లు. అంటే ఎస్‌డీ చానల్ పెట్టినప్పుడు వచ్చిన ఒక్కో చుక్కకు మిగతా 19 చుక్కల్నీ టీవీ తనే ఊహించి నింపుకోవాలి. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు. టీవీల మధ్య అసలు తేడా బయటపడేది ఇక్కడే. మంచి ప్రాసెసర్ ఉన్న టీవీ అంచుల్ని శుభ్రంగా తీస్తుంది, నాసిరకంది కంప్రెషన్ గళ్లను కూడా పెద్దవి చేసి చూపిస్తుంది. పాత 32 అంగుళాల టీవీలో బాగున్న చానల్ కొత్త 55 అంగుళాల దాంట్లో ఘోరంగా ఉందంటే కనెక్షన్ చెడలేదు, పాత తెర దాచిపెట్టిన లోపాలను కొత్త తెర బయటపెట్టింది.

దూరం సంగతి కూడా చూసుకోవాలి. 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్కల్ని మామూలు చూపున్న మనిషి విడివిడిగా గుర్తుపట్టగలిగేది సుమారు 2.2 మీటర్ల లోపు కూర్చున్నప్పుడే. మూడు మీటర్ల దూరంలో సోఫా ఉంటే ఫుల్ హెచ్‌డీకి, 4కేకి చుక్కల తేడా కంటికి అందదు. అలాంటి గదికి చుక్కల సంఖ్య కంటే కాంట్రాస్ట్ బాగున్న టీవీ తీసుకోమంటాను.

అపోహ: "షోరూమ్‌లో ఏది ధగధగా మెరిస్తే అదే మంచి టీవీ"

షోరూమ్‌లో లైట్లు ఎక్కువ, టీవీలన్నీ వివిడ్ లేదా డైనమిక్ మోడ్‌లో ఉంటాయి, నడిచేది ప్రత్యేకంగా తీసిన డెమో వీడియో. వివిడ్‌లో తెలుపు నీలం వైపు జారుతుంది. ముఖాలు ఎర్రబడతాయి, గడ్డి ప్లాస్టిక్‌లా ఉంటుంది. సినిమాలూ కార్యక్రమాలూ తయారుచేసేచోట తెలుపును 6500 కెల్విన్ (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలత) దగ్గర స్థిరపరుస్తారు. ఇంట్లో దానికి దగ్గరగా ఉండేవి సినిమా, మూవీ లేదా 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్. మొదటి రెండు రోజులు బొమ్మ పసుపుగా, నీరసంగా అనిపిస్తుంది. వెనక్కి మార్చకుండా మూడు రోజులు ఓపిక పట్టండి. ఆ తర్వాత వివిడ్ పెడితే మీకే తెలుస్తుంది ముఖాలు ఎలా ఉన్నాయో.

షార్ప్‌నెస్ పెంచితే క్లారిటీ పెరగదు. అంచుల చుట్టూ తెల్లటి గీత పడుతుంది, అంతే. న్యూస్ చానల్ కింద పరిగెత్తే అక్షరాలు చూస్తూ ఆ గీత మాయమయ్యేదాకా తగ్గించండి. మోషన్ స్మూతింగ్ అయితే సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి సీరియల్‌లా చేసేస్తుంది. మ్యాచ్‌లకు కావాలంటే ఉంచుకోండి, సినిమాకు మాత్రం ఆపేయండి.

అపోహ: "డబ్బా మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంది, ఇక తిరుగులేదు"

హెచ్‌డీఆర్ సిగ్నల్‌ను తీసుకోవడం వేరు, దాన్ని తెరమీద చూపించగలగడం వేరు. వెలుగు గట్టిగా 300 నిట్‌లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దాటని ప్యానెల్ హెచ్‌డీఆర్ బొమ్మను మసకబార్చి చూపిస్తుంది. అలాంటి టీవీలో మామూలు బొమ్మే నయం. క్యూలెడ్ అన్నది పేరులో ఓలెడ్‌కు దగ్గరగా ఉన్నా లోపల అది వెనక నుంచి లైటు పడే ఎల్‌సీడీయే. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపు. చీకటి గదిలో చూసేవాళ్లకు దానికి సాటి లేదు. ఎల్‌సీడీల్లో వీఏ ప్యానెల్‌కు నలుపు బాగుంటుంది, పక్క నుంచి చూస్తే రంగు పోతుంది. ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెల్‌ది దీనికి తిరగబడి.

అపోహ: "నెట్ స్పీడ్ 200 ఉంది, స్ట్రీమింగ్‌ను మించింది లేదు"

4కే స్ట్రీమింగ్‌కు సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్‌లు చాలు. మీ లైన్ 200 అయినా యాప్ అంతకంటే ఎక్కువ తీసుకోదు. ప్లాన్‌లో 4కే ఉందో లేదో చూసుకోండి. బొమ్మ మొదలైన వెంటనే తీర్పు చెప్పకుండా ఒక నిమిషం ఆగండి, క్వాలిటీ మెట్లు ఎక్కుతూ వస్తుంది.

అపోహ: "ఫోన్‌తో రెండు టీవీల ఫొటో తీసి పంపాను, చూసి చెప్పండి"

వారానికి నాలుగైదు వస్తాయి. ఫోన్ కెమెరా తెర వెలుగును బట్టి ఎక్స్‌పోజర్ మార్చుకుంటుంది, తెలుపును తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటుంది. ఆ ఫొటోను నేను చూసేది ఇంకో ఫోన్ తెర మీద. అందులో కనిపించే రంగు మీ టీవీది కాదు. ఫొటో బదులు నాకు ఇవి రాసి పంపండి: ఏ చానల్, ఏ కార్యక్రమం, బాక్సు అవుట్‌పుట్ ఎంత, ఏ పోర్టు, ఏ పిక్చర్ మోడ్, ఎంత దూరంలో కూర్చున్నారు, పవర్ సేవింగ్ ఆన్‌లో ఉందా. రెండు బాక్సుల్ని పోలుస్తుంటే ఒకే పోర్టులో, ఒకే కేబుల్‌తో, ఒకే చానల్ ఒకే సమయంలో వచ్చేలా మార్చి మార్చి చూసి, గడ్డి ఎలా ఉందో రాయండి.