బడి ముందు ఆగి ఉన్న బండి: అపోహలు - వాస్తవాలు

నేను ట్రాఫిక్ ఇంజినీరును. బడి దగ్గర క్రాసింగ్ సర్వేకి వెళ్తే టేపు తీయకముందే చేసే పని ఒకటుంది. జీబ్రా గీతలు మొదలయ్యే చోట మోకాళ్ల మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తాను. ఒకటో తరగతి పిల్లల కళ్లు నేల నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తులో ఉంటాయి. నిలబడి చూస్తే నాకు రోడ్డు మలుపు దాకా కనిపిస్తుంది. ఆ ఎత్తుకు దిగితే కనిపించేది ఒక కారు డోరు, ఒక ఆటో చక్రం, అంతే.

విశాఖలో ఎంవీపీ కాలనీ లోపలి రోడ్లు కానివ్వండి, సీతమ్మధార, అక్కయ్యపాలెం, గాజువాక, మధురవాడ కానివ్వండి, పొద్దున బడి వేళకు చాలా గేట్ల దగ్గర ఇదే పరిస్థితి. గేటుకు అటూ ఇటూ కార్లు, వాటి పక్కన స్కూల్ ఆటోలు, వాటి మధ్య స్కూటీలు. ఆ సందుల్లోంచే పిల్లలు రోడ్డు మీదికి వస్తారు. ఇక్కడ పార్కింగ్ మార్చాలి అనగానే తల్లిదండ్రులు, షాపులవాళ్లు, ఆటోవాళ్లు, ఒక్కోసారి టీచర్లు కూడా అనే మాటలు కొన్ని ఉన్నాయి. ఏళ్లుగా వింటున్నాను. వాళ్లలో పిల్లల చెడు కోరేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఓపిగ్గా జవాబు రాయాలనిపించింది.

అపోహ: ప్రమాదం కదిలే బండితోనే. ఆగి ఉన్న బండి ఏం చేస్తుంది?

"ఆగున్న బండి ఎవులిని గుద్దేత్తాది బాబూ?" అని కంచరపాలెం దగ్గర ఆటో నడిపే ఒక పెద్దాయన నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆగి ఉన్న బండి ఎవరినీ గుద్దదు. కానీ వచ్చే బండి పిల్లకు కనపడదు, పిల్ల ఆ బండి నడిపే మనిషికి కనపడదు. మధ్యలో గోడ కట్టినట్టే.

లెక్క చూపిస్తాను. పదో తరగతి సరూప త్రిభుజాలే. పార్క్ చేసిన కార్ల వరుసకు రోడ్డు వైపు అంచును ఒక గీత అనుకోండి. రోడ్డు దాటబోయే పాప ఆ గీతకు అర మీటరు లోపల నిలబడి తొంగి చూస్తోంది. వస్తున్న కారులో డ్రైవర్ కళ్లు ఆ గీతకు 2 మీటర్లు అవతల ఉన్నాయి. పాపకూ దగ్గర్లో ఆగి ఉన్న కారుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో, దానికి 5 రెట్ల దూరంలోకి వచ్చాక గానీ వాళ్లిద్దరూ ఒకరికొకరు కనపడరు. ఖాళీ 1 మీటరైతే 5 మీటర్ల దూరంలో కనిపిస్తారు. 6 మీటర్లైతే 30. 9 మీటర్లైతే 45.

ఇప్పుడు బ్రేకుల సంగతి. మన రోడ్ల డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు వాడతాం. డ్రైవర్ చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి అందులో 2.5 సెకన్లు లెక్కిస్తారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ 2.5 సెకన్లలోనే బండి దాదాపు 28 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పట్టాక ఆగడానికి ఇంకో 17. మొత్తం 45 మీటర్లు. 30 వేగంలో అయితే 30 మీటర్లు. పై లెక్కతో కలిపి చూడండి: 40లో వచ్చే బండికి 9 మీటర్ల ఖాళీ కావాలి, 30లో వచ్చే బండికి 6 మీటర్లు కావాలి. క్రాసింగ్‌కు 1 మీటరు వదిలి కారు పెట్టినవాళ్లు "గీతల మీద పెట్టలేదు కదండీ" అంటారు. నిజమే, పెట్టలేదు. కానీ ఆ పాపకు మిగిలింది 5 మీటర్ల చూపు.

మన ఊరికి ఇంకొకటి కలుపుకోవాలి. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్ వైపు దిగే రోడ్లు, కొండవాలు కాలనీల రోడ్లు చదునుగా ఉండవు. 100 మీటర్లకు 5 మీటర్లు దిగే రోడ్డు మీద, అదే 40 వేగంలో, బ్రేకు దూరం ఇంకో రెండున్నర మీటర్లు పెరుగుతుంది. టైర్లు అరిగిన ఆటోకి ఇంకా ఎక్కువ. అందుకే బండ్లు పల్లంలోకి దిగి వచ్చే వైపు నేను ఎప్పుడూ కాస్త ఎక్కువ ఖాళీ అడుగుతాను.

అపోహ: క్రాసింగ్‌కు రెండు వైపులా సమానంగా వదలాలి

అలా వదిలితే తప్పు లేదు. కానీ స్థలం తక్కువున్న చోట ఏ వైపు ముఖ్యమో తెలియాలి. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడిపేవాళ్లం. కాబట్టి ఫుట్‌పాత్ గట్టు మీద నిలబడ్డ పిల్లకు మొదట ఎదురయ్యే బండి కుడి చేతి వైపు నుంచి వస్తుంది. ఆ కుడి వైపు ఆగి ఉన్న బండే అన్నిటికన్నా ప్రమాదం. రోడ్డు అవతల గట్టు మీద కూడా ఇదే సూత్రం. కాలిఫోర్నియాలో 2023లో చేసిన చట్టం కూడా బండ్లు వచ్చే వైపునే చూసుకుంది: క్రాసింగ్‌కు ఆ వైపు 20 అడుగుల లోపు బండి పెట్టకూడదు. 20 అడుగులంటే సుమారు 6 మీటర్లు.

అపోహ: అడ్డం కార్లే, స్కూటీలకు అభ్యంతరం అక్కర్లేదు

మొదట్లో నేనూ ఇలాగే అనుకున్నాను. ఖాళీ చేయించిన జాగాలో టూవీలర్లకు గీతలు గీయించాను. తర్వాత అక్కడే మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తప్పు తెలిసింది. స్కూటర్ అద్దాల దాకా ఎత్తు, ఒకటో తరగతి పిల్ల ఎత్తు ఇంచుమించు ఒకటే. పది స్కూటర్లు వరసగా నిలబెడితే వెనక ఉన్న పిల్ల జడ రిబ్బను కూడా కనపడదు. ఆ గీతలు చెరిపించడానికి నేనే మళ్లీ తిరిగాను.

అపోహ: ఐదు నిమిషాలే కదా, పార్కింగ్ లైట్లు వేశాను

ఆ ఐదు నిమిషాలే పిల్లలంతా రోడ్డు దాటే ఐదు నిమిషాలు. అర్ధరాత్రి అక్కడ కారు రెండు గంటలు ఆగినా బడికి వచ్చిన నష్టం లేదు. లైట్లు వేసినంత మాత్రాన కారు అద్దంలా మారిపోదు. ఇక్కడ బోర్డుల తేడా కూడా తెలియాలి. నీలం గుండ్రం మీద ఒక ఎర్ర అడ్డగీత ఉంటే బండి నిలిపి ఉంచకూడదని. ఎర్ర గీతలు రెండు ఇంటూ గుర్తులా ఉంటే అసలు ఆపనే కూడదని. బడి క్రాసింగ్ దగ్గర మనకు కావలసింది రెండోది. చాలాచోట్ల మొదటిదే పెడతారు. దాంతో "పార్క్ చేయలేదు, ఇంజిన్ ఆన్‌లోనే ఉంది" అనే వాదన మొదలవుతుంది.

అపోహ: పార్కింగ్ తీసేస్తే బండ్లు ఇంకా స్పీడుగా పోతాయి

దీన్ని అపోహ అనడానికి మనసొప్పదు. సగం నిజం ఇది. వీధి మొత్తం ఖాళీ చేస్తే రోడ్డు వెడల్పుగా కనిపిస్తుంది, కుర్రాళ్లు యాక్సిలరేటర్ తిప్పుతారు. అందుకే వీధంతా ఖాళీ చేయమని నేను ఎక్కడా అడగను. క్రాసింగ్ దగ్గర ఆ 6 నుంచి 9 మీటర్లే అడుగుతాను. దాన్ని కూడా ఉత్త ఖాళీగా వదలకూడదు.

మంచి పద్ధతి ఫుట్‌పాత్ గట్టును అక్కడ రోడ్డులోకి జరపడం. కారు వెడల్పు 1.8 మీటర్లు అనుకుంటే, పాత గట్టు మీద నిలబడ్డ పిల్లకు 9 మీటర్ల ఖాళీ ఉన్నా 19 మీటర్ల దూరమే కనిపిస్తుంది. అందుకే పిల్లలు గట్టు దిగి కారు అంచు దాకా వచ్చి తొంగి చూస్తారు. వాళ్ల తప్పు కాదు, అలా వస్తే గానీ ఏమీ కనపడదు. గట్టునే ముందుకు తెస్తే వాళ్లు క్షేమంగా నిలబడిన చోటి నుంచే రోడ్డు కనిపిస్తుంది, దాటాల్సిన దూరం తగ్గుతుంది, రోడ్డు సన్నబడి బండ్లు కూడా నెమ్మదిస్తాయి. దానికి డబ్బులు రాకపోతే ముందు కోన్లు పెట్టి చూస్తాం. కోన్లు రెండో రోజుకే పక్కకు జరిగిపోతాయి. సిమెంటు తొట్లు ఎవరూ జరపలేరు. కానీ ఒక జాగ్రత్త. ఒకచోట తొట్లలో గన్నేరు మొక్కలు నాటారు, ఆర్నెల్లలో అవి పిల్లల కన్నా ఎత్తు పెరిగాయి. మళ్లీ అదే గోడ, ఈసారి పూలతో. తొట్టీ మొక్కా కలిపి మోకాలి ఎత్తు దాటకూడదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో హోబోకెన్ అని ఒక చిన్న నగరం ఉంది. వీధి మూలల దగ్గర, క్రాసింగుల దగ్గర పార్కింగ్ తీసేస్తూ వచ్చారు, వేగ పరిమితి కూడా తగ్గించారు. 2017 జనవరి తర్వాత ఏడేళ్లకు పైగా అక్కడి వీధుల్లో వాహన ప్రమాదంలో ఒక్క మనిషీ చనిపోలేదు. ఇరుకు వీధులు, పార్కింగ్ కోసం గొడవలు అక్కడా ఉన్నాయి.

అపోహ: గేటు ముందే దింపితే మా పాప సేఫ్

మీ పాప వరకు కావచ్చు. మీ కారు వెనక నుంచి దాటే పాప సంగతో? గేటు ముందు ఆగాలని అందరూ అనుకుంటే కార్లు రెండో వరసలో ఆగుతాయి, డోర్లు ట్రాఫిక్ వైపు తెరుచుకుంటాయి, రివర్స్ తీస్తారు. రివర్స్ వచ్చే కారు వెనక చిన్నపిల్ల అద్దంలో కనపడదు. గేటుకు 150 మీటర్ల ముందు, బడి ఉన్న పక్కనే, ఎడమ గట్టుకు ఆనించి దింపి నడిపించండి. రెండు మూడు నిమిషాల నడక. వర్షం రోజు కష్టమే, ఒప్పుకుంటాను. కానీ పిల్లలు ఎక్కువ మంది ఒకే గట్టు మీద నడిచి వస్తే గేటు దగ్గర సగం రద్దీ తగ్గిపోతుంది.

అపోహ: పిల్లలకు జాగ్రత్తలు నేర్పితే చాలు

నేర్పాలి. కానీ వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వస్తోంది అనే అంచనా తొమ్మిది పదేళ్లు వచ్చేదాకా పిల్లలకు సరిగా కుదరదు. అది వయసుతో వచ్చేది, తిడితే వచ్చేది కాదు. కుడి ఎడమ చూసి దాటమని మనం చెబుతాం. వాళ్లు చూస్తారు కూడా. చూసిన చోట వ్యాన్ ఉంటే ఏం చేస్తారు?

అపోహ: షాపులవాళ్ల వ్యాపారం పోతుంది

9 మీటర్లంటే రెండు కార్లు పట్టే చోటు. పుస్తకాల షాపు, జిరాక్స్ షాపు, టిఫిన్ బండి, వీళ్ల బేరం చాలావరకు నడిచి వచ్చేవాళ్లతోనే. లోడు దింపుకోవడానికి మాత్రం వాళ్లకు వేళ ఇవ్వాలి, బడి తెరిచే, విడిచే గంటలు తప్పించి. ముందుగా వెళ్లి కూర్చుని మాట్లాడితే, నాకు ఎదురైన షాపులవాళ్లలో ఎక్కువ మంది ఒప్పుకున్నారు. చెప్పకుండా రాత్రికి రాత్రే గీతలు వేస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

అపోహ: స్కూలువాళ్లు బోర్డు పెడితే రూల్ వచ్చినట్టే

గేటుకు తగిలించిన "నో పార్కింగ్" రేకు ఒక విన్నపం మాత్రమే. బండ్లు ఎక్కడ, ఎంతసేపు నిలపాలో నిర్ణయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అప్పగించిన వాళ్లది. స్థానిక సంస్థను సంప్రదించి చేయాలి. మన దగ్గర అంటే ఇటు నగర ట్రాఫిక్ పోలీసులు, అటు నగరపాలక సంస్థ జీవీఎంసీ. ఒకరు ఉత్తర్వు ఇచ్చి ఇంకొకరు గీతలు, బోర్డులు వేయకపోతే అది కాగితం మీదే ఉంటుంది. నిజానికి కొత్త రూల్ కోసం ఎదురుచూడాల్సింది తక్కువే. 1989 నాటి రోడ్డు నిబంధనలే పాదచారుల క్రాసింగ్ దగ్గర, బడి గేటు దగ్గర, ఆసుపత్రి గేటు దగ్గర పార్కింగ్ వద్దన్నాయి. 2017లో వాటి స్థానంలో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఫుట్‌పాత్ మీద, క్రాసింగ్ మీద బండి పెట్టడం తప్పే. లేనిదల్లా ఎన్ని మీటర్లో నేల మీద చూపించే గీత. సముద్రపు గాలికి మన ఊళ్లో బోర్డుల స్తంభాలు తొందరగా తుప్పు పడతాయి, కాబట్టి నేల మీద గీత కూడా తప్పనిసరి. మామూలు పెయింట్ తొందరగా అరిగిపోతుంది, కరిగించి వేసే థర్మోప్లాస్టిక్ పూత అడగండి.

మీ బడి తరఫున అర్జీ రాసేటప్పుడు "ట్రాఫిక్ సమస్య ఎక్కువగా ఉంది" అని రాసి వదిలేయకండి. క్రాసింగ్ నుంచి మొదటి బండి దాకా ఖాళీ టేపుతో కొలిచి రాయండి. ఏ గంట నుంచి ఏ గంట దాకా బండ్లు ఆపకూడదో రాయండి. బండ్లు ఏ వైపు నుంచి వస్తాయో, ఆ వైపు రోడ్డు పల్లమో కాదో రాయండి. రెండు ఫొటోలు జత చేయండి: మీరు నిలబడి తీసింది ఒకటి, అదే చోట ఫోన్ నేల నుంచి ఒక మీటరు ఎత్తులో పట్టుకుని తీసింది ఒకటి.