తౌబా (పశ్చాత్తాపంతో అల్లాహ్ వైపు మళ్లడం): అపోహలు, వాస్తవాలు. ‘హజ్‌కి వెళ్తున్నా, మాఫ్ చేయండి’ అంటే సరిపోతుందా?

హజ్ ఫ్లైట్లు మొదలవుతున్నాయంటే చాలు, నా ఫోన్‌ నిండా ఒకటే మెసేజ్. “అల్హందులిల్లాహ్, హజ్‌కి వెళ్తున్నాం, తెలిసీ తెలియక ఎవరి మనసైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి, దుఆ చేయండి.” కింద కాబా ఫోటో. పంపండి, మంచి అలవాటే. కానీ ఆ ఒక్క మెసేజ్‌తో పాత లెక్కలు చెల్లిపోయాయని, మిగిలినవేమైనా ఉంటే హజ్‌లో అరఫాత్ మైదానంలో ఏడిస్తే పోతాయని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇమామత్ చేస్తూ (నమాజు చేయిస్తూ), మసలాలు (ధర్మసందేహాలకు జవాబులు) చెబుతూ నేను చూసినవాటిలో జనాన్ని నిండా ముంచే అపోహ ఇదే.

హజ్‌లో అసభ్యానికీ పాపానికీ దూరంగా ఉన్నవాడు తల్లి కన్న రోజున ఉన్నట్టు తిరిగొస్తాడన్న హదీసు (దైవప్రవక్త మాట) బుఖారీ హదీసు సంకలనంలో ఉంది, అందులో సందేహం లేదు. దాన్ని పట్టుకుని అప్పు ఎగ్గొట్టొచ్చని ఏ ఆలిమ్ (ధర్మపండితుడు) చెప్పాడు? తౌబాకు షరతులు మూడు: పాపాన్ని మానేయాలి, చేసినందుకు కుమిలిపోవాలి, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవాలి. ఆ పాపంలో ఇంకో మనిషి హక్కు ఉంటే నాలుగోదీ ఉంది, ఆ హక్కు వాళ్లకు తిరిగివ్వాలి, లేదా వాళ్ల చేత మాఫీ పొందాలి. పేరున్న ధర్మపండితుడు ఇమాం నవవీ (రహ్) ఇంత స్పష్టంగా రాసిపెట్టారు. షహీదుకు సైతం అప్పు తప్ప మిగతావన్నీ మాఫ్ అని మరో హదీసు సంకలనం సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ మార్గంలో ప్రాణమిచ్చినవాడికే అప్పు మినహాయింపు లేనప్పుడు, విమానమెక్కి వెళ్లొచ్చిన మనకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక చెల్లెలు నా దగ్గరకొచ్చి తన ఫోన్ చూపించింది. అన్నయ్య నుంచి అదే మెసేజ్, అదే కాబా ఫోటో. “ఏం మాఫ్ చేయాలో కూడా రాయలేదు హజ్రత్” అంది. తల్లిదండ్రులు పోయారు, ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు, నాలుగెకరాల మాగాణి. అన్‌నిసా సూరా పదకొండో ఆయత్ ప్రకారం కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. అంటే అన్నకు రెండెకరాలు, చెల్లెళ్లకు చెరో ఎకరం, ఇందులో తలబద్దలు కొట్టుకునే లెక్కేం లేదు. ఆయన మాత్రం నాలుగెకరాలూ తనే సాగు చేసుకుంటున్నాడు. కబురు పెట్టి పిలిపించి అడిగితే, “పెళ్లిళ్లకు కట్నాలిచ్చాం, సారె పెట్టాం, వాళ్లే వద్దని సంతకం పెట్టారు” అన్నాడు. కట్నం ఇచ్చినంత మాత్రాన వారసత్వం రద్దు కాదు. ఇక ఆ సంతకం సంగతి! అడిగితే పుట్టింటికి రాకపోకలు ఆగిపోతాయేమో, పండక్కి పిలుపు రాదేమోనన్న భయంతో పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వకమైన మాఫీ అని ఎలా అంటాం? ముందు వాళ్ల వాటా కొలిపించి వాళ్ల చేతికివ్వండి, ఆ తర్వాత వాళ్లు సంతోషంగా తిరిగిస్తే అది వేరే విషయం అని చెప్పాను. ప్రయాణానికి ముందే ఒక చెల్లెలి ఎకరం రిజిస్టర్ చేశాడు. రెండో ఆమెది ఇంకా తేలలేదు, నేను అడగడం మానలేదు.

మీకు తెలిసిన హదీసే, మళ్లీ చదవండి. తీర్పుదినాన ఒకడు కొండంత నమాజులు, ఉపవాసాలు, జకాత్ తీసుకొస్తాడు. కానీ ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఇంకొకడి సొమ్ము తిని ఉంటాడు, మరొకణ్ణి కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు వాళ్లకు పంచేస్తారు, అవి అయిపోతే వాళ్ల పాపాలు ఇతని మీద వేస్తారు. అసలైన దివాలా అదేనన్నారు దైవప్రవక్త (స).

ఇది చదివి భయపడేవాళ్లూ ఉంటారు, సాధారణంగా నిజాయితీపరులే ఎక్కువ భయపడతారు. ఇవ్వాల్సిన మనిషి చనిపోయాడా? వారసులకివ్వండి. ఎంత వెతికినా ఆచూకీ లేదా? అతని తరఫున సదఖా (దానం) చేయండి, రేపెప్పుడైనా కనిపిస్తే ఇచ్చేద్దామన్న నియ్యత్‌తో (సంకల్పంతో). చేతిలో డబ్బు లేదా? దాక్కోకుండా వెళ్లి గడువు అడగండి, ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వమని అప్పిచ్చినవాళ్లకు ఖుర్ఆనే చెబుతోంది. తీర్చాలన్న ఉద్దేశంతో తీసుకున్నవాడి తరఫున అల్లాహ్ తీరుస్తాడని బుఖారీలో ఉంది, కాబట్టి టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోకండి. ఎవరి గురించైనా చాటున చెడుగా మాట్లాడి ఉంటే, వెళ్లి చెప్పడం వల్ల గొడవ ముదురుతుందనుకుంటే, వాళ్ల కోసం దుఆ చేసి, ఎక్కడ చెడు చెప్పారో అక్కడే మంచి చెప్పండి చాలని చాలామంది ఉలమా (ధర్మపండితులు) అన్నారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తౌబా చేయాలంటే ఇమాంకి పాపం చెప్పుకోవాలా? వద్దు, నాకు చెప్పకండి. అల్లాహ్ కప్పిపుచ్చినదాన్ని మీరు బయటపెట్టడమెందుకు? రంజాన్ చివరి జుమా (శుక్రవారం) రోజు నాలుగు రకాతుల నమాజు చదివితే జీవితకాలం ఖజా (తప్పిపోయిన) నమాజులన్నీ తీరిపోతాయని తిరిగే ఫార్వర్డ్‌కు ఏ ఆధారమూ లేదు, దయచేసి ఆపండి. తప్పిన ఫర్జ్‌లను (తప్పనిసరి నమాజులను) ఇప్పటి ఫర్జ్‌తో పాటు ఒక్కొక్కటిగా చదువుకుంటూ రండి. ముసలితనంలో చూద్దామనేవాళ్లు అన్‌నిసా పద్దెనిమిదో ఆయత్ చదవండి, చావు ఎదురుగా నిలబడ్డాక చేసే తౌబాకి అక్కడ చోటు లేదు.

కుర్రాళ్లు అడిగేది మాత్రం వేరు. “ఎన్నిసార్లు తౌబా చేసి తెంపేశానో, ఇంక ఏ ముఖంతో నమాజుకు రావాలి?” అంటారు, కొందరైతే ఆ సిగ్గుతోనే జుమాకు రావడం మానేస్తారు. పాపం చేసి, క్షమించమని వేడుకుని, మళ్లీ చేసి, మళ్లీ వేడుకున్న దాసుణ్ణి అల్లాహ్ ప్రతిసారీ క్షమించినట్టు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. తౌబా చేసిన ఘడియలో మీ నిర్ణయం నిజమైనదైతే ఆ తౌబా చెల్లినట్టే, తర్వాత జారితే అది కొత్త పాపం, దానికి కొత్త తౌబా, అంతే. రాత్రి జారితే తెల్లారేదాకా కూడా ఆగక్కర్లేదు, లేచి వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) చేసుకుని రెండు రకాతులు చదవండి. జుమాకు మాత్రం రండి.