బేస్‌బాల్ తగువంతా 0.4 సెకన్ల దగ్గరే

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. రేంజర్స్ జట్టు బేస్‌బాల్ ఆట చూద్దామని ఇంటిల్లిపాదీ ఆర్లింగ్టన్ వెళ్లారట. పక్క సీట్లలో ఇద్దరు పెద్దమనుషులు ఆట వదిలేసి రూల్స్ మీద వాదించుకుంటూ కూర్చున్నారట. పిచ్ క్లాక్ (బంతి ఇన్ని సెకన్లలో వేయాలని గడువు పెట్టే గడియారం) పెట్టి ఆటని నాశనం చేశారని ఒకాయన, అది పెట్టకపోతే చూసేవాళ్లే మిగిలేవాళ్లు కారని ఇంకొకాయన. "ఇంతకీ ఎవరిది రైటు? ఏటా ఈ రూల్స్ మార్చడం ఏమిటి?" అని ఆయన ప్రశ్న.

బేస్‌బాల్ ఎలా ఆడతారో ఇక్కడ చెప్పబోవడం లేదు. యూట్యూబ్‌లో పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను.

ఒక ఆటలో రెండు జట్ల పిచర్లూ, అంటే బంతి వేసేవాళ్లు, కలిపి సుమారు 300 బంతులు వేస్తారు. ఒక్కో బంతీ పిచర్ చేతిలోంచి బ్యాటర్ దగ్గరికి రావడానికి దాదాపు 0.4 సెకన్లు. హెచ్చవేయండి: 120 సెకన్లు. మూడు గంటల ఆటలో పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య బంతి గాల్లో ఉండేది మొత్తం కలిపి రెండే నిమిషాలు! 2023లో అమెరికా మేజర్ లీగ్‌లో వచ్చిన పిచ్ క్లాక్ ప్రకారం బేస్‌ల (కొట్టినవాడు పరిగెత్తి చేరాల్సిన మూలల) మీద ఎవరూ లేనప్పుడు పిచర్ 15 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి, రన్నర్ ఉంటే 20 సెకన్లలో (2024 నుంచి 18). దాంతో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకి దిగింది. ఆ తగ్గిన 24 నిమిషాలూ పిచర్ టోపీ సర్దుకునే టైము, బ్యాటర్ గ్లవ్స్ విప్పి మళ్లీ బిగించుకునే టైము. నా మటుకు నాకు అది పోవడమే మంచిదనిపిస్తుంది. కాని ఆ రెండు నిమిషాల జోలికి గడియారం వెళ్లలేదు. ఆట మారిపోయిందని పెద్దవాళ్లు బాధపడుతున్నది నిజానికి ఆ రెండు నిమిషాల్లో జరిగినదాని గురించి.

పిచర్ కాలు ఆనించే రబ్బరు పలక నుంచి బ్యాటర్ పక్కన నేలమీద ఉండే హోమ్ ప్లేట్ కొస దాకా 60 అడుగుల 6 అంగుళాలు. 1893 నుంచి ఇదే కొలత. పిచర్ ముందుకి పెద్ద అడుగేసి వదులుతాడు కనుక బంతి నిజంగా ప్రయాణించేది 53 అడుగులే. గంటకి 95 మైళ్ల వేగంతో, అంటే 153 కిలోమీటర్లతో వదిలితే, గాలికి దారిలో కొంత వేగం పోయినా 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. బ్యాటు తిప్పడానికే 0.15 సెకను పోతుంది. మిగిలిన 0.25లోనే బంతిని చూడాలి, అది ఏ రకమో పోల్చుకోవాలి, ఆడాలా వదలాలా తేల్చుకోవాలి, ఆ కబురు మెదడు నుంచి కండరాలకి అందాలి. ఇవన్నీ తీసేస్తే బ్యాటర్‌కి పనికొచ్చే చూపు దాదాపు మొదటి సగం ప్రయాణమే.

సగం చూస్తే సగం తెలిసినట్టే కదా అనుకుంటాం. కాదు, పావు వంతే తెలుస్తుంది.

ఒక వస్తువుని స్థిరమైన బలం ఒక దిక్కుకి నెడుతుంటే, ఆ దిక్కుగా అది జరిగే దూరం కాలపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. కాలాన్ని సమాన ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్కలో జరిగే దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరసలో వస్తాయి. గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి 400 ఏళ్ల కిందట పట్టుకున్న సంగతి ఇది. మన బళ్లలో దీన్ని భవనం మీంచి జారవిడిచిన రాయితో చెప్పి, రెండు మార్కుల ప్రశ్న చేసి వదిలేస్తారు. పిల్లల చేతికి ఒక బంతి ఇచ్చి చెప్తే ఎంత బాగుండేది!

ఈమధ్య పిచర్లంతా నేర్చుకుంటున్న స్వీపర్ అనే బంతిని తీసుకుందాం. మంచి స్వీపర్ పక్కకి 16 అంగుళాలు తిరుగుతుంది. దాని ప్రయాణ కాలాన్ని నాలుగు ముక్కలు చేయండి. మొదటి ముక్కలో అది పక్కకి జరిగేది 1 అంగుళం. రెండో దాంట్లో 3. మూడో దాంట్లో 5. చివరి ముక్కలో 7. అంటే బ్యాటర్ మనసు నిర్ణయించుకునేసరికి అయిన మలుపు 4 అంగుళాలు, నిర్ణయించుకున్నాక అయ్యేది 12. హోమ్ ప్లేట్ వెడల్పే 17 అంగుళాలు. నడిమధ్యకి వస్తోందని బ్యాటు విసిరిన బంతి ప్లేటు అవతలి అంచు దాటి, బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ చేతిలో పడుతుంది. టీవీలో కామెంటేటర్లు బంతి చివర్లో ఒక్కసారిగా తిరిగిందని అరుస్తారు. ఒక్కసారిగా ఏమీ తిరగలేదు, మొదటి నుంచీ దాన్ని నెడుతున్నది దాదాపు ఒకే బలం. కాలపు వర్గం చేసే పని అది.

ఇక ఫాస్ట్‌బాల్ సంగతి ఇంకా తమాషా. గురుత్వాకర్షణ ఒక్కటే ఉంటే 0.4 సెకన్లలో ఏ బంతైనా 31 అంగుళాలు కిందికి జారాలి. అదే వరసలో చెప్పాలంటే దాదాపు 1.9, 5.8, 9.7, 13.5. కాని పిచర్ వేళ్లు బంతిని వెనక్కి తిప్పుతూ వదులుతాయి, నిమిషానికి సుమారు 2,300 చుట్ల చొప్పున. వినడానికి పెద్ద సంఖ్యే గాని ప్లేటు చేరేలోపు బంతి తిరిగేది 15 చుట్లే. ఆ 15 చుట్లూ దాన్ని 16 అంగుళాల మేర పైకి నిలబెడతాయి, అంటే నికరంగా జారేది 15 అంగుళాలు. బాగా తిప్పగలిగిన పిచర్ 19 అంగుళాలు నిలబెడతాడు. తేడా 3 అంగుళాలు. సగం దూరంలో ఆ తేడా ఎంత కనిపిస్తుంది? ముప్పావు అంగుళం! పాతిక అడుగుల అవతల ముప్పావు అంగుళాన్ని పసిగట్టాలి. పట్టలేకపోతే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. బ్యాటు అత్యధిక మందం 2.61 అంగుళాలు, బంతి అడ్డుకొలత 2.9. రెండింటి సగాలు కలిపితే 2.75. బ్యాటు మధ్యకీ బంతి మధ్యకీ ఎడం అంతకన్నా పెరిగితే బ్యాటు గాలినే కొడుతుంది. 3 అంగుళాల తేడా అంటే ఇదన్నమాట.

అలాంటి బంతి పైకి లేచిందని బ్యాటర్లు ప్రమాణం చేసి చెప్తారు. లేవదు. లేవాలంటే గాలి ఇచ్చే ఊతం బంతి బరువుని మించాలి. చాలా మంచి ఫాస్ట్‌బాల్‌కి కూడా అది బరువులో 60 శాతం దగ్గరే ఆగుతుంది. బ్యాటర్ మెదడు ఇన్ని అంగుళాలు పడుతుందని లెక్కేసుకుంటే అంతకన్నా తక్కువ పడింది, అంతే.

ఆ ఊతం ఎలా వస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే కోచింగ్ నోట్సుల్లో దీన్ని ఒక వైపు గాలి వేగం ఎక్కువ, అందుకే పీడనం తక్కువ అని ముగించేస్తారు. వేగం ఎందుకు ఎక్కువైందని ఏ పిల్లాడైనా లేచి అడిగితే కూర్చోమంటారు. బంతి గాలిలో పోతుంటే దాని ఉపరితలాన్ని అంటుకుని సాగిన గాలి వెనక ఒకచోట విడిపోయి సుడులు తిరుగుతుంది. బంతి తిరగకపోతే ఆ సుడుల తోక తిన్నగా వెనక్కే ఉంటుంది. వెనక్కి తిరుగుతుంటే పై భాగం గాలిని తనతో పాటు ఇంకాస్త దూరం లాక్కుపోతుంది, కింది భాగం దగ్గర గాలి ముందే విడిపోతుంది. దాంతో తోక కిందికి వంగుతుంది. బంతి గాలిని కిందికి తోసింది కాబట్టి గాలి బంతిని పైకి తోస్తుంది. తెడ్డుతో నీటిని ఒక పక్కకి నెడితే పడవ రెండో పక్కకి పోవడం లాంటిదే. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. కర్వ్‌బాల్ అనే బంతి దారిలో వంపు తిరగడం వట్టి కంటి భ్రమ అని అమెరికాలో చాలాకాలం వాదించినవాళ్లున్నారు. లైమన్ బ్రిగ్స్ అనే శాస్త్రవేత్త అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థకి డైరెక్టర్‌గా రిటైరయ్యాక, వయసు ఎనభై దాటాక, గాలి సొరంగంలో కొలిచి 1959లో ఫలితాలు ప్రచురించాడు. బంతి 17.5 అంగుళాల దాకా తిరుగుతుందని తేలింది. భ్రమల మాటెత్తాను కాబట్టి చెప్తున్నా, ఇంత లెక్క ఉన్న ఆటలోనూ మైదానంలో గీసిన తెల్ల గీత తొక్కకుండా దాటి వెళ్లే ఆటగాళ్లు బోలెడుమంది. సచిన్ తొంభైల్లో ఉంటే సీట్లోంచి లేవనివ్వని మనం వాళ్లని చూసి నవ్వలేం లెండి.

ఇప్పుడు తగువులోకి వద్దాం. 2000ల చివర్లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకి 92 మైళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 94 దాటింది. అంతకన్నా పెద్ద మార్పు, బంతి ఏ అక్షం మీద ఎంత తిరిగిందో ప్రతి బంతికీ కొలిచే రాడార్లు, వేళ్లు బంతిని వదిలే క్షణాన్ని సాగదీసి చూపించే హైస్పీడ్ కెమెరాలు రావడం. పూర్వం పిచర్‌కి చేతివాటం ఉండేది. ఇప్పుడు వేలు రెండు మిల్లీమీటర్లు జరిపి, బంతి వేసి, స్క్రీన్ చూసి, మళ్లీ జరుపుతున్నాడు. జిగురు కూడా పూశారు. పట్టు పెరిగితే తిప్పడం పెరుగుతుంది కదా! 2021 జూన్‌లో అంపైర్లు పిచర్ల చేతులూ టోపీలూ తనిఖీ చేయడం మొదలుపెట్టగానే మేజర్ లీగ్ మొత్తంలో భ్రమణ వేగాలు పడిపోయాయి. నేరం ఒప్పుకున్నవాళ్లు తక్కువే గాని రాడార్ అందరి తరఫునా ఒప్పుకుంది.

దీని ఫలితం స్ట్రైకవుట్లు, అంటే బ్యాటర్ బంతిని ఆటలోకి కొట్టలేకుండానే అవుటైపోవడం. 2005లో బ్యాటింగుకి వచ్చిన నూరుమందిలో 16, 17 మంది స్ట్రైకవుట్ అయ్యేవాళ్లు. 2021 నాటికి 23 మంది. 2018లో చరిత్రలో మొదటిసారి సీజన్ మొత్తం మీద హిట్ల (బంతిని కొట్టి బేస్ చేరడాల) కన్నా స్ట్రైకవుట్లు ఎక్కువయ్యాయి. బంతి బ్యాటుకి తగలకపోతే తతిమ్మా ఫీల్డర్లంతా నిలబడి చూడ్డమే.

అయితే పిచర్‌ని వెనక్కి జరపరాదా అని ఎవరికైనా తోస్తుంది. 1893లో చేసింది అదే, దాదాపు 5 అడుగులు జరిపారు. నేషనల్ లీగ్ అనే పెద్ద లీగులో బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటింగు అవకాశాల్లో హిట్ల వంతు, .245 నుంచి .280కి ఎగిరింది. 2021లో అట్లాంటిక్ లీగ్ అనే చిన్న లీగులో సీజన్ రెండో సగంలో ఒక అడుగు వెనక్కి జరిపి చూశారు. స్ట్రైకవుట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మరుసటి ఏడాదికి మానేశారు. ఎందుకు రాలేదో మన వరసలో చూడండి. అడుగు దూరం పెరిగితే బ్యాటర్‌కి దొరికేది సుమారు 0.0075 సెకను, అంటే 2 శాతం టైము. కాని కాలం 2 శాతం పెరిగితే మలుపు 4 శాతం పెరుగుతుంది. బ్యాటర్‌కి ఒక చేత్తో ఇచ్చింది పిచర్‌కి రెండో చేత్తో ఇచ్చినట్టైంది. ఫలితం తేలిపోవడానికి ఇదొక్కటే కారణమని నేననను గాని, ఇది లేకుండా మాత్రం లెక్క కుదరదు.

1969లో ఇంకో పద్ధతి ప్రయత్నించారు. అంతకుముందు ఏడాది, 1968, పిచర్ల ఏడాది. బాబ్ గిబ్సన్ అనే పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ మొత్తంలో .300 దాటిన బ్యాటర్ ఒక్కడే, కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ, అదీ .301. దాంతో పిచర్ నిలబడే మట్టి దిబ్బని 15 అంగుళాల నుంచి 10కి దించారు. లీగు సగటు .237 నుంచి .248కి పెరిగింది. దిబ్బ దించితే ఆట బాగుపడిందని పాత అభిమానులు ఇప్పటికీ ఉదాహరణ చెప్తారు. కాని అదే ఏడాది స్ట్రైక్ జోన్, అంటే మంచి బంతిగా లెక్కపెట్టే హద్దు, కూడా కుదించారు, నాలుగు కొత్త జట్లు చేరి అంతకుముందు అవకాశం రాని పిచర్లు బోలెడుమంది బంతి పట్టుకున్నారు. మూడు మందులు ఒకేసారి వేసి ఏది పనిచేసిందో చెప్పమంటే ఎలా?

2023లో మళ్లీ అదే చేశారు. క్లాక్‌తో పాటు ఫీల్డర్లంతా ఒకే పక్క గుమిగూడే షిఫ్ట్‌ని నిషేధించారు, బేస్‌లని 15 నుంచి 18 అంగుళాలకి పెంచారు, రన్నర్‌ని భయపెట్టడానికి పిచర్ ఆగి విసిరే విసుర్లకి పరిమితి పెట్టారు. రన్నర్లు హిట్ లేకుండానే పరిగెత్తి దొంగిలించిన బేస్‌లు 2,486 నుంచి 3,503కి పెరిగాయి. అందరూ పెద్ద బేస్‌ల మహిమ అన్నారు. మొదటి, రెండో బేస్‌ల మధ్య తగ్గింది నాలుగున్నర అంగుళాలు. పరిగెత్తేవాడికి అది సెకనులో వందో వంతు కన్నా కాస్త ఎక్కువ. నా ఓటు విసుర్ల పరిమితికే. షిఫ్ట్ నిషేధం సంగతి అయితే, 2022లో .243 ఉన్న బ్యాటింగ్ సగటు .248కి లేచి, 2024లో మళ్లీ .243 దగ్గర కూర్చుంది. తగలని బంతికి ఫీల్డర్ ఎక్కడ నిలబడితేనేం?

2026 నుంచి స్ట్రైకా కాదా అన్న అంపైర్ తీర్పుని బ్యాటర్, పిచర్, క్యాచర్ సవాలు చేయొచ్చు, జట్టుకి రెండు సవాళ్లు. తీర్పు చెప్పేది మనం క్రికెట్‌లో డీఆర్‌ఎస్ పుణ్యమా అని బాగా ఎరిగిన హాక్‌ఐ కెమెరాలే. అంపైర్‌ని కాదని కెమెరాని నమ్మడమా అని మండిపడేవాళ్లున్నారు. అంపైర్ కళ్లు కూడా ఆ 1, 3, 5, 7ని చూడాల్సినవే, పైగా చివరి 7 అంగుళాలు క్యాచర్ భుజం మీదుగా చూడాలి. నాకు ఆయన మీద జాలే గాని, కెమెరా మీద కోపం లేదు.

ఫ్రిస్కో పాఠకుడి ప్రశ్నకి నా జవాబు ఇది. క్లాక్ విషయంలో రెండో పెద్దాయనదే రైటు. ఆట ఏదో పోగొట్టుకుందన్న మొదటాయన మాటా నిజమే గాని ఆయన తిట్టాల్సింది గడియారాన్ని కాదు. ఇప్పుడు ఆట మొదలుపెట్టే పిచర్ సగటున ఐదు ఇన్నింగ్స్ పైచిలుకు ఆడి దిగిపోతాడు. అంతసేపే అని తెలుసు కాబట్టి ప్రతి బంతీ ఒళ్లంతా విరుచుకుని వేస్తాడు. ఆయన అలిసేసరికి వెనకాల మరొకడు తాజాగా సిద్ధం. మోచేతి లిగమెంట్ తెగి టామీ జాన్ ఆపరేషన్‌కి వెళ్తున్న పిచర్లు ఇంతమంది ఉండటానికి క్లాక్ కారణమని ఆటగాళ్ల సంఘం అంటోంది. బలమంతా పెట్టి వేయడమే కారణమని 2024 డిసెంబరులో లీగ్ తన నివేదికలో చెప్పింది. 26 మంది జట్టులో 13 మందికి మించి పిచర్లు ఉండకూడదన్న పరిమితి ఇప్పటికే ఉంది. దాన్ని ఏటా ఒకటి చొప్పున 10కి దించి చూడమంటాను. ఏడో ఇన్నింగ్స్ దాకా తనే ఆడాలని తెలిసిన పిచర్ మొదటి ఇన్నింగ్స్‌లో 98 మైళ్లు విసరడు, 92 విసురుతాడు. ఆ 6 మైళ్లు బ్యాటర్‌కి ఇచ్చేది సుమారు 0.025 సెకను, పిచర్‌ని అడుగు వెనక్కి జరిపితే దొరికేదానికి మూడింతలు. టైము పెరిగితే మలుపూ పెరుగుతుంది కదా అంటారేమో. నిజమే, కాని వేగం తగ్గితే నెట్టే బలం కూడా తగ్గుతుంది కనుక ఈసారి పిచర్‌కి వెనక నుంచి తిరిగి దక్కేది చాలా తక్కువ.